అన్న ఇచ్చిన చేపల జంట

పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు చూశాను, సముద్రపు నీళ్ళ అక్వేరియాన్ని మొదటిసారి. రాళ్ళ మధ్య ఎర్రటి రొయ్య ఒకటి మీసాలు ఊపుతూ తిరుగుతోంది. నా నంబరు రెండుసార్లు పిలిచినా వినిపించలేదు. కాకినాడలో పుట్టి పెరిగినదాన్నే, కానీ సముద్రపు ప్రాణిని బతికుండగా చూసింది తక్కువ. మా ఇంటికి వచ్చినవన్నీ బుట్టలో వచ్చినవే.

పెళ్ళయి కాప్రాకి వచ్చి పద్దెనిమిదేళ్ళు. ఆసుపత్రి రికార్డులకు కోడ్లు వేసే ఉద్యోగం, అదీ ఇంట్లోంచే. రోజంతా కంప్యూటర్ తెర తప్ప చూడ్డానికి ఇంకేమీ ఉండదు. హాల్లో అలాంటి ట్యాంకు ఒకటి పెట్టుకుందామని మా ఆయనతో అంటే, "రొయ్యల్ని కూర వండుకునే ఊరు నీది. వాటికి ఇల్లు కడతావా?" అని నవ్వారు. వద్దనలేదు మాత్రం.

సైనిక్‌పురిలో పెంపుడు చేపల దుకాణానికి వెళ్ళి, ఎలా మొదలుపెట్టాలో అడుగుతుంటే పక్కనున్న పెద్దాయన కల్పించుకున్నారు. అరవై దాటిన మనిషి, టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో సముద్రపు ట్యాంకు పెట్టి పదేళ్ళయిందట.

"ఇది మంచినీళ్ళ చేపల లెక్క కాదు చెల్లె. ఇయ్యాల నీళ్ళు పోసి రేపు చేపలేస్తనంటే నడవదు. ఆరు వారాలు ఉత్త నీళ్ళు చూస్కుంట కూసోవాలె. జెర ఓపిక ఉన్నదా?"

ఉందన్నాను. ఆ రోజు నుంచి ఆయన నాకు అన్న అయ్యారు.

మూడడుగుల ట్యాంకు ఎక్కడ పెట్టాలో ఆయనే చూపించారు. వడగట్టిన నీళ్ళలో ఉప్పు ఎంత కలపాలో, ఎలా కొలవాలో నేర్పించారు. దుకాణం నుంచి సూక్ష్మజీవులున్న సముద్రపు రాళ్ళు తెచ్చి, ఒకదాని మీద ఒకటి గుహలా పేర్చారు. చేపల మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు ఆ నీళ్ళలో పెరగాలి. అందుకే ఆరు వారాలు. నేను రోజూ పొద్దున నీళ్ళు పరీక్షించి, ఆ రంగుల ఫోటో ఆయనకు పంపేదాన్ని. ఏడో వారం మొదట్లో ఫోన్ చేసి, "ఇగ షురూ చెయ్ చెల్లె" అన్నారు.

ముందుగా నాలుగు నత్తలు, ఒక ఎర్ర రొయ్య, బొత్తాం అంత పగడం ముక్క తెచ్చుకున్నాను. నత్తలు అద్దం మీద పాకుతుంటే పని మానేసి చూసేదాన్ని. రొయ్య మూడో రోజుకే నా వేలి దగ్గరికి వచ్చి గోరు శుభ్రం చేయడం మొదలుపెట్టింది. ఇంత చిన్న ప్రాణి నన్ను నమ్మిందని ఆ సాయంత్రం అందరికీ చెప్పుకున్నాను.

పది రోజుల తర్వాత అన్న ఒక కవరు పట్టుకుని వచ్చారు. అందులో నారింజరంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు. ఆడా మగా. ఎనిమిదేళ్ళుగా ఆయన దగ్గర పెరిగినవి.

"ఇవి నీకే," అన్నారు.

"ఎనిమిదేళ్ళు పెంచుకున్నవి నాకెందుకన్నా?"

"చెల్లెకు పెట్టినంక మళ్ళ అడుగుతనా? కొత్త నీళ్ళల్ల మంచిగ ఉంటయి."

మా పుట్టింటివాళ్ళు కూడా నాకు అంత ఇష్టంగా ఏదీ ఇచ్చిన గుర్తు లేదు.

వెళ్ళబోతూ ఒక చిన్న సీసా చేతిలో పెట్టారు. దాని మీద కాగితం చించేసి ఉంది. "మినరల్సు. నేను చెప్పినన్ని చుక్కలు రోజు వెయ్. ఒంటి రంగు తేలుతది." ఆ తర్వాత రోజు విడిచి రోజు వచ్చేవారు. సొంత గాజు గొట్టాలు తెచ్చుకుని నా ట్యాంకు నీళ్ళు పరీక్షించి, ఇంకో నాలుగు చుక్కలు పెంచమనో, ఇది చాలనో చెప్పేవారు. టీ తాగి వెళ్ళేవారు. నా ట్యాంకు మీద ఆయనకెంత శ్రద్ధ అనుకునేదాన్ని.

వారం తిరిగేలోపు నత్తలు అద్దం వదిలి ఇసుకలో వెల్లకిలా పడ్డాయి. పగడం ముడుచుకుపోయి మళ్ళీ విచ్చుకోలేదు. ఒక పొద్దున రొయ్య రాళ్ళ వెనక పక్కకి ఒరిగి కనిపించింది. వెంటనే అన్నకి ఫోన్ చేశాను.

"కొత్త ట్యాంకుల గిట్లనే అయితది," అన్నారు. మళ్ళీ తనే, "ఇంట్ల దోమల మందు గిట్ల కొట్టిన్రా?" అని అడిగారు.

కొట్టిన మాట నిజం. ముందురోజు సాయంత్రం మా ఆయన కొట్టారు.

"వంటింట్లో కొట్టాను, హాల్లో కాదు," అన్నారాయన నేను నిలదీస్తే.

"వంటింటికీ హాలుకీ మధ్య తలుపుందా?" అని అరిచాను. అనకూడని మాటలు ఇంకా చాలా అన్నాను. రెండు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. మూడో రోజు ఆయన నిజంగానే తన తప్పనుకుని క్షమించమని అడిగారు. నేను పెద్ద మనసు చేసుకుని క్షమించాను కూడా.

నెల దాటాక చుక్కలు ఆపెయ్యమన్నారు అన్న. చేపలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. అవన్నా మిగిలాయని వాటినే చూసుకుంటున్నాను. ఇంకో నెల గడిచాక ఒక ఆదివారం మూతున్న బకెట్‌తో వచ్చారు.

"మీ వదిన వీటిని రోజు యాది చేస్తున్నది చెల్లె. ఇల్లు బోసిపోయిందంటున్నది. కొన్నొద్దులు తీస్కపోత."

కాదనలేకపోయాను. వల పట్టుకుని నేనే సాయం చేశాను. ఆ రోజు ఆయన టీ తాగలేదు.

ఖాళీ ట్యాంకులో మళ్ళీ నత్తలు వేయొచ్చో లేదో కనుక్కుందామని సీసాలో నీళ్ళు పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. ఓనరు పరీక్ష చేసి నా మొహంలోకి చూశాడు.

"అమ్మా, గీ నీళ్ళల్ల రాగి మస్తున్నది. రాగి మందేసిన్రా?"

"ఏం మందు?"

"చేపలకు తెల్లచుక్కల రోగమొస్తే ఏస్తరు. గని నత్తలు, రొయ్యలున్న కాడ ఎవ్వరు ఎయ్యరు. ఒక్కటి సుత బతకది. చేపల్ని వేరే ట్యాంకుల పెట్టి ఏస్తరు. ఇప్పుడు మీ రాళ్ళు సుత మందు గుంజినయి, ఇగ పనికి రావు." తర్వాత మామూలుగా అన్నాడు, "మీకు నేర్పించిన సార్ వాళ్ళింట్ల గా రోగమే వచ్చింది గద. రోగం పోవాలెనని ట్యాంకు రెండు నెలలు చేపల్లేకుండ పెట్టిండు. మందు నా దగ్గరనే తీస్కున్నడు. ఆ జంటను ఏడ పెట్టిండో మరి."

ఎక్కడ పెట్టారో నాకు తెలుసు. రోజూ ఆ మందు పోసింది నా చెయ్యే.

అక్కడి నుంచి నేరుగా అన్న ఇంటికి నడిచాను. జంట వాళ్ళ హాల్లో హాయిగా ఈదుతోంది. కూర్చోమన్నారు, కూర్చోలేదు.

"అన్నా, ఆ సీసాలో ఏముంది?"

ఆయన టీవీ ఆపేశారు. అబద్ధం చెప్పలేదు, అంతవరకూ నయం. "తక్కినయన్ని చచ్చినయి చెల్లె. గీ రెండే మిగిలినయి. ఇంట్ల ఇంకో ట్యాంకు పెడితే మీ వదిన ఒప్పుకోదు."

"నన్ను అడగొచ్చు కదా?"

"అడిగితే నత్తలున్నయి, రొయ్య ఉన్నది అంటవు. ఎనిమిదేండ్లు సాకిన వీటిని. నీయి మొన్న మొన్న వచ్చినయి గద."

"మరి దోమల మందు మాట ఎందుకన్నారు?"

మంచినీళ్ళు తెచ్చిన వాళ్ళావిడ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. "మీ ఇంట్ల ఉండెనా ఇవి? దుకాణంల పెట్టిన అన్నడు నాతోని," అంది. ఆమె యాది చేయడం కూడా ఆయన కల్పించిందేనని అప్పుడు అర్థమైంది.

కొత్త రాళ్ళు కొనిస్తానన్నారు. వద్దన్నాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి "చెల్లె" అని పిలిచారు. తిరిగి చూడలేదు.

ఇంటికి వచ్చి మా ఆయనకు మొత్తం చెప్పి, క్షమించమని ఈసారి నేను అడిగాను. ఆయన, "నేనే చంపాననుకున్నాను ఇన్నాళ్ళూ," అన్నారు. రొయ్య చచ్చిన రోజు కన్నా ఆ మాటకి ఎక్కువ ఏడ్చాను.

మరుసటి ఆదివారం ఇద్దరం కలిసి ట్యాంకు ఖాళీ చేశాం. రాళ్ళూ ఇసుకా పారేసి, అద్దాలు తోముతున్నప్పుడు ఆయన అడిగారు:

"నిజం చెప్పు. ఆయన అడిగుంటే ట్యాంకు ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని. నత్తల్నీ రొయ్యనూ పగడాన్నీ రాళ్ళతో సహా ఆ రెండు నెలలూ ఇంకో తొట్టెలో పెట్టుకునేదాన్ని."

"ఆ మాట ఆయనకి చెప్పావా?"

"లేదు."

"చెప్పాల్సింది," అన్నారు.

ఇప్పటికి ఏడాది దాటింది. అన్న నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది, తీయలేదు. చెప్పడానికి నా దగ్గరున్నది, అడిగుంటే ఇచ్చేదాన్నన్న ఆ ఒక్క మాటే. అది వింటే ఆయన బాధపడతారని తెలుసు. చెప్పకుండా ఉంచుకున్నది జాలితోనో, కోపంతోనో నాకే సరిగా తెలియదు.