కాగే కుండలో కవాటం

ఆ రోజుల్లో టెక్కలి నుంచి పలాసకు నేనెక్కిన పాత మోటారు బస్సు నందిగాం దగ్గర ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. ఇంజను కాగిపోతున్నా ముందున్న రేడియేటరు చల్లగానే ఉంది. డ్రైవరు లోపలి నుంచి చిన్న ఇత్తడి కవాటం తీశాడు. వేడెక్కితే తనంతట తానే తెరుచుకుని, ఇంజన్లోని నీళ్ళను చల్లారడానికి రేడియేటరుకు వదలాల్సింది, బిగుసుకుపోయింది.

రోడ్డు పక్కన ఒక ముసలమ్మ వడ్లు ఉడకెయ్యడానికి నీళ్ళు కాస్తోంది. ఆమె ఇచ్చిన చింతపండుతో డ్రైవరు కవాటానికి పట్టిన చిలుము తోమాడు.

"బతికుందో లేదో నీ కుండలో సూత్తానమ్మా," అంటూ అందులో వేశాడు.

అందరం వంగి చూశాం. ఎవరూ ముట్టకుండానే అది మెల్లగా నోరు తెరిచింది.

"ఓలమ్మో, ఎవులు తెరిసినారు?" అంది ముసలమ్మ.

"వేడే తెరిసిందమ్మా."

మేమింకా ఆ ఇత్తడినే చూస్తున్నాం. ఆమె మాత్రం రోజూ తను వెలిగించే ఆ మంటకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.