ఏడు శాతం మరిది

ఆల్వీనాకు చెల్లెలి మొగుడు డెల్మర్ మీద ఉన్నది కోపం కాదు. కోపం తెచ్చుకోవాలన్నా ఎదుటి మనిషిలో కాస్తంత సరుకుండాలి. డెల్మర్‌ని చూస్తే ఆవిడకు, నట్టింట్లోకి బురద కాళ్ళతో వచ్చిన కుక్కను చూసినట్టు ముక్కు దానంతటదే ముడుచుకునేది.

డెల్మర్ ముప్ఫై ఒక్క ఏళ్ళు బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ప్రభుత్వ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. తిన్న జీతం జనం కట్టిన పన్ను. ఇప్పుడు కూర్చుని తింటున్న పింఛనూ అదే. మొన్నీమధ్య మోకాలి చిప్ప మార్పించుకుని, నయాపైసా ఇవ్వకుండా ఆసుపత్రి నుంచి నడిచి వచ్చిందీ ఆ పుణ్యానే. అలాంటివాడికి ఈ భూమ్మీద ఒంటికి పడని వస్తువు ఏదైనా ఉందంటే అది పన్ను. పన్ను పేరెత్తితే చాలు, ఎవరో తన జేబులో చెయ్యి పెట్టినట్టు ప్యాంటు తడుముకునేవాడు.

అతని కాపురం అదే రాష్ట్రం అంచున, డాసన్ క్రీక్ ఊళ్ళో. అక్కడ ఏ వస్తువు కొన్నా దేశానికి ఐదు శాతం, రాష్ట్రానికి మరో ఏడు కట్టాలి. నలభై నిమిషాలు తూర్పుగా బండి తోలితే పక్క రాష్ట్రం అల్బెర్టా. అక్కడ ఐదుతో సరి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కొన్నవాటికైతే, కొన్నవాడు ఎక్కడున్నాడని ఎవడూ అడగడు, పెట్టె ఎక్కడ దిగుతుందో చూసి పన్ను వేస్తాడు. ఆల్వీనా ఇల్లు సరిహద్దుకు అల్బెర్టా వైపు, పది నిమిషాల దూరంలో, ఆవాల చేల మధ్య ఉంది. ఆవిడ భర్త జేక్ చనిపోయి ఏడాది తిరక్కుండానే, డెల్మర్ కొన్న ప్రతి వస్తువూ ఆ గుమ్మంలో దిగడం మొదలైంది.

చెప్పులు, టైర్లు, బండిలో పరుచుకునే పట్టాలు, చివరికి పళ్ళు తోముకునే బ్రష్షులు కూడా. ఒకసారి నలభై డాలర్ల కెటిల్ కోసం వచ్చాడు. రెండు డాలర్ల ఎనభై సెంట్లు మిగిలాయని వంటింట్లో నిలబడి మురిసిపోతుంటే, "రానూపోనూ పెట్రోలు ఎంతయింది మరిదీ?" అని ఆల్వీనా అడిగింది.

"అది వేరు వదినా. పెట్రోలు నా ఇష్టంతో పోసుకున్నది. అది వాళ్ళు లాక్కునేది."

"ఇలా తెచ్చుకున్నా ఇంటికెళ్ళాక కాగితం నింపి ఆ ఏడు శాతం మనమే కట్టాలటగా? చర్చిలో చెప్పుకుంటున్నారు."

డెల్మర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "కట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, ఫొటో కట్టించి గోడకు తగిలిస్తా!"

ఇంకో వేషం కూడా ఉండేది. ఆ పక్క డాసన్ క్రీక్ వాళ్ళు గడియారం ముట్టుకోరు. ఏడాదంతా ఒకటే టైము. అల్బెర్టా వాళ్ళు వేసవి వస్తే గంట ముందుకు తిప్పుకుంటారు. అందుకే ఎండాకాలంలో ఆ చుట్టుపక్కల ఎవరు ఏ వేళ చెప్పినా, "మన టైమా, వాళ్ళ టైమా?" అని అడగనిదే మాట ముందుకు సాగదు. డెల్మర్ మాత్రం తన చేతి గడియారాన్ని పన్నెండు నెలలూ అల్బెర్టా టైములోనే ఉంచేవాడు. "నేను మనసులో అల్బెర్టా వాణ్ణి" అనేవాడు. ఆ మనసుగలవాడు వేసవి ఆదివారాల్లో చర్చికి గంట ముందు పోయి, తాళం తీసేదాకా బండిలో కూర్చుని గోళ్ళు కొరుక్కునేవాడు.

ఇవన్నీ ఆల్వీనా నవ్వుకుని ఊరుకున్నవే. రెండేళ్ళ కిందట జనవరిలో జరిగినది అలాంటిది కాదు. గుమ్మంలో మంచులో నానుతున్న అతని పెట్టెను లోపలికి లాగబోయి ఆవిడ జారిపడింది. మణికట్టు విరిగింది. పక్క పొలం ఆయన ట్రాక్టరు మీద వచ్చి చూసేదాకా ఆ చలిలో, ఆ పెట్టె పక్కనే పడి ఉంది. ఆసుపత్రి నుంచి ఫోను చేస్తే డెల్మర్ మొదట అడిగింది, "పెట్టె తడవలేదు కదా వదినా?"

కట్టు విప్పేనాటికి ఆవిడకు డెబ్భై ఆరు. కంట్లో పొర వచ్చి బండి నడపడం మానేసింది. చెల్లెలు లియోనా దగ్గరికి, డాసన్ క్రీక్ పోయి ఉండాలని ప్రాణం కొట్టుకునేది. ఆ మాటే డెల్మర్ చెవిన వేస్తే మొహం వేలాడేశాడు.

"ఎలా చెప్పను వదినా... లియోనాకు నరాలు బాగాలేవు. మీరు దగ్గరికొస్తే మీ మంచిచెడ్డలన్నీ తన నెత్తినే వేసుకుంటుంది. తట్టుకోలేదు. తనతో మాత్రం అనకండి, బాధపడుతుంది."

ఆల్వీనా అనలేదు. ఎదుటివాళ్ళ మీద బరువు వేయకూడదని నూరిపోసిన ఇంట్లో పెరిగిన అక్కచెల్లెళ్ళు వాళ్ళు. ప్రతి శుక్రవారం ఫోనులో పెరట్లో పెంచే పుల్లటి రుబార్బు కాడల గురించి, వాన గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఆ ఒక్క మాట దాటేసేవాళ్ళు. అలా రెండు చలికాలాలు గడిచాయి. రాత్రిళ్ళు పొయ్యిలో కట్టె వేయడానికి లేచినప్పుడల్లా, ఈసారి పడితే ఎవరొస్తారని గోడ పట్టుకుని అడుగులేసేది.

చివరికి ఎవరికీ చెప్పకుండా డాసన్ క్రీక్‌లోని టామరాక్ లాడ్జికి అర్జీ పెట్టుకుంది. ముసలివాళ్ళుండే ఇల్లు అది. అందులో ఉంటే చెల్లెలికి భారం కాదు, వీధి చివరే ఉన్నట్టుంటుంది. జూలై మొదటి వారంలో ఉత్తరం వచ్చింది. కింది అంతస్తులో పద్నాలుగో గది ఖాళీ. సంతకం పెట్టిన కాగితం శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు చేతికి అందాలి. లేకపోతే గది తర్వాతి పేరుకు పోతుంది.

ఆ శుక్రవారం తొమ్మిదిన్నరకే డెల్మర్ దిగాడు. జేక్ పనిముట్ల కొట్టంలో అతని కొత్త పెట్టె ఉంది. మంచు ఊడ్చే యంత్రం, పంతొమ్మిది వందల డాలర్లది. ఆల్వీనా అప్పటికే మంచి గౌను తొడుక్కుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉత్తరం అతని చేతికిచ్చి, "నన్ను కూడా తీసుకుపో మరిదీ. పన్నెండులోపు ఇవ్వాలట" అంది.

డెల్మర్ ఉత్తరం రెండుసార్లు చదివాడు. కిందనున్న ఆవిడ అడ్రసు దగ్గర అతని కళ్ళు కాసేపు ఆగాయి.

"దానికేం, బోలెడు టైముంది" అన్నాడు.

ఇక మొదలైంది. వంటింటి కుళాయి కారుతోందని విప్పాడు. మూడేళ్ళుగా కారుతున్న కుళాయి అది. వాషరు వెతకడానికి అరగంట. కాఫీ అడిగాడు. రుబార్బు కాడలతో చేసిన తీపి రొట్టె ముక్క అడిగాడు, ఇంకో ముక్క అడిగాడు. బండి టైరులో గాలి తగ్గిందన్నాడు. యంత్రం పెట్టె మాత్రం కొట్టంలోంచి అంగుళం కదల్లేదు. ఆల్వీనా మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి, "పోదామా?" అంది. మూడుసార్లూ "ఒక్క ఐదు నిమిషాలు వదినా" అన్నాడు. ఒకరి బండి మీద ఆధారపడ్డవాళ్ళు గట్టిగా అరవలేరు. అది వాడికి బాగా తెలుసు.

గోడ గడియారం పన్నెండు కొట్టింది. డెల్మర్ చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి తన గడియారం చూసుకున్నాడు.

"అయ్యయ్యో! పన్నెండూ ఐదు. పోనీలెండి వదినా, రాసిపెట్టి లేదు. ఈ ఇల్లు వదిలి ఆ గూట్లో ఏముంటారు మీరు?"

వాడి గొంతులో జాలి. ఆల్వీనాకు ఏడుపు వచ్చింది కానీ, వాడి ముందు ఏడవడమా అని దిగమింగింది.

అప్పుడు గోడ మీది ఫోను మోగింది. శుక్రవారం కదా, లియోనా.

"అక్కా, ఆయన బయల్దేరాడా? సూపు పెట్టాలా వద్దా అని."

"ఇంకా ఇక్కడే ఉన్నాడు" అంది ఆల్వీనా. "చాలా పొద్దుపోయిందిగా, తినేయాల్సింది నువ్వు."

"పొద్దుపోవడమేంటి? పదకొండు దాటి ఐదు నిమిషాలేగా?"

ఆల్వీనా గోడ గడియారం వంక తిరిగి చూసింది. మన టైమా, వాళ్ళ టైమా? ఊరూవాడా ప్రతివాడూ అడిగే మాట. కంగారులో తనకు తట్టలేదు. మనసులో అల్బెర్టా వాడికీ తట్టలేదు. లాడ్జి ఉన్నది డాసన్ క్రీక్‌లో. అక్కడ ఇంకా యాభై ఐదు నిమిషాలుంది.

"లియోనా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. నేను నీ ఊరికొచ్చి ఉంటే నీకు బరువా?"

"బరువేంటక్కా? నువ్వే కదా ఇల్లు వదిలి రానన్నావు. ఆ మాటెత్తితే ఏడుస్తున్నావనీ, నీ దగ్గర ఎత్తొద్దనీ ఆయనే చెప్పాడు. రెండేళ్ళుగా నోరు కట్టుకుని కూర్చున్నా."

ఆల్వీనా తల తిప్పి డెల్మర్‌ని చూసింది. అతను కుళాయిని చూస్తున్నాడు.

"టామరాక్ లాడ్జి దగ్గరికి రా. ఇప్పుడే" అని ఫోను పెట్టేసింది.

బయటికి నడిచి, కొట్టం తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి చేతిసంచీలో పడేసుకుంది. డెల్మర్ వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. "వదినా! నా యంత్రం!"

"వాళ్ళ టైము పన్నెండులోపు నన్ను లాడ్జి గుమ్మంలో దింపు. తాళంచెవి నీ చేతిలో పెడతా. ఒక్క నిమిషం దాటిందా, అది దారిలో ఏదో ఆవాల చేలో పడుతుంది. వెతుక్కో."

మనిషి కోసం కదలని డెల్మర్ యంత్రం కోసం కదిలాడు. ముప్ఫై ఏళ్ళు అదే రోడ్డు మీద నింపాదిగా మంచు తోసినవాడు, ఆ రోజు ముందున్న లారీలన్నిటినీ దాటేశాడు. దారంతా ఏదో గొణిగాడు. "మీ మంచికే వదినా... ఏదో నలుగురి మేలూ చూసి..." ఆల్వీనా కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది. ఇలాంటివాడికి భయపడి రెండేళ్ళు ఒంటరిగా పడున్నానా అని ఆవిడకు తన మీద తనకే రోత వేసింది.

లాడ్జి గోడ మీద పదకొండూ నలభై ఎనిమిది. కౌంటరులో ఉన్న అమ్మాయి కాగితం తీసుకుని ముద్ర కొట్టింది. ఆల్వీనా అన్న మాట ప్రకారం తాళంచెవి తీసి డెల్మర్ చేతిలో పెట్టింది.

లియోనా అప్పటికే వచ్చి ఉంది, వంటింటి ఏప్రన్‌తోనే. అప్పట్లో విరిగిన అక్క మణికట్టును రెండు చేతుల్లోకి తీసుకుని వదల్లేదు. ఆ కుటుంబంలో ఎవరూ నలుగురిలో ఏడవరు. ఇద్దరూ ఏడ్చారు.

కౌంటరు అమ్మాయి, "కొత్త అడ్రసు ఈ నెలాఖరు నుంచి రాసుకోనా అమ్మా?" అని అడిగింది.

డెల్మర్ గొంతు సవరించుకున్నాడు. ఆ క్షణంలోనైనా వాడు ఒక్క మంచి మాట అంటాడేమోనని, ఇంతా చూసి కూడా, ఆల్వీనా ఎదురుచూసింది.

"వదినా, పాత అడ్రసు ఓ ఏడాదిపాటు అలాగే ఉంచితే... టపా కోసమనుకోండి... క్రిస్మస్‌కి లియోనాకే ఓ కుట్టుమిషను కొందామని..."

లియోనా అక్క చెయ్యి వదిలి మొగుడి దగ్గరికి నడిచింది. అతని మణికట్టు పట్టుకుని గడియారం విప్పింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ అతని ఒంటి మీది వస్తువు అడక్కుండా తీయడం అదే మొదలు.

"మా అక్క రెండు చలికాలాలు ఒక్కతే పడుంది డెల్మర్. దాని మీద ఏడు శాతం ఎంతో లెక్కగట్టి రాత్రికి నాకు చెప్పు."

గడియారం ముల్లు గంట వెనక్కి తిప్పి, అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. తర్వాత అక్క సంచీ అందుకుని, పద్నాలుగో గది ఎటువైపని ఆ అమ్మాయిని అడిగింది.