మా అత్తగారు ఎక్కిన బస్సు

మా అత్తగారిని జపాన్ తీసుకువెళ్ళాలన్న ఆలోచన నాది కాదు. ఎనభైల నడుమ ఒక ఏడాది, అక్కడి ఒక చిన్న ఊరి చర్చి స్త్రీలు మన వైపు సంఘాల నుంచి ఇద్దరు ఆడవాళ్ళను పిలిచారు. ఒకరికి ఇంగ్లీషు రావాలి, రెండోవారు పొలం పనులు చేసే మనిషై ఉండాలి అన్నారు. నేను గుంటూరులో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. నల్లపాడు అవతల మా ఊళ్ళో స్త్రీల సమాజానికి మా అత్తగారు పెద్ద. పత్తి తీతకూ మిరప కోతకూ కూలికి వెళ్ళే మనిషి. పాస్టరు గారు ఇద్దరి పేర్లూ కలిపి పంపేశారు. ఒకే ఇంటి నుంచి ఇద్దరేమిటని కొందరు గొణిగారు. గొణిగినా, రమ్మంటే ముందుకొచ్చినవాళ్ళు లేరు.

మా అత్తగారు మాత్రం ఏమీ తొణకలేదు. "విమానమేగా! ఎక్కి కూర్చుంటే అదే తీసుకుపోద్ది," అంది. బెంగంతా నాదే. నాకు పెళ్ళయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆవిడంటే గౌరవం ఉంది, కొంచెం జంకూ ఉంది. ఒకే ఇంట్లో ఉంటున్నా ఇద్దరం తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకున్నది తక్కువ. నేను లేచేసరికి ఆవిడ పొలంలో ఉండేది. ఆవిడ వచ్చేసరికి నేను పరీక్ష పేపర్లు ముందేసుకుని కూర్చునేదాన్ని. మద్రాసు రైలెక్కించడానికి వచ్చిన మా ఆయన కిటికీ చువ్వలు పట్టుకుని, "అమ్మ ఎవరి మాటా వినదు. నువ్వు మాత్రం ఆమె చెయ్యి వదలమాక," అన్నారు. పక్కనే కూర్చున్న ఆవిడకు వినపడేలాగే అన్నారు. "నేనేం చంటిపిల్లనా?" అని ఆవిడ ముఖం తిప్పుకుంది.

మేము దిగిన ఊరు కొండల మధ్య ఉంది. ఏప్రిల్ నెల. మన దగ్గర వడగాడ్పు మొదలయ్యే రోజుల్లో అక్కడ పళ్ళు కొట్టుకునేంత చలి. ఆ ఊరి పాస్టరు గారి భార్య మమ్మల్ని తన ఇంట్లోనే ఉంచుకుంది. అరవై దాటిన సన్నటి మనిషి, ఒకప్పుడు బడిపంతులమ్మ. ఇంగ్లీషు ఒక్కొక్క మాటే ఏరుకుని మాట్లాడేది. నేను ఆమెను పాస్టరమ్మ అనేదాన్ని. మా అత్తగారు చెప్పులు వదలదని చూసి, బొటనవేలికి విడిగా తొడుగున్న మేజోళ్ళు తెచ్చి ఇచ్చింది. మా అత్తగారు వాటిని తొడుక్కుని, వాటితోనే చెప్పుల్లో కాలు దూర్చి, అటూ ఇటూ నడిచి చూసుకుంది. "వీళ్ళకి బుర్ర ఉందే అమ్మాయ్," అంది. ఆ దేశాన్ని ఆవిడ మెచ్చుకున్నది అదే మొదలు.

చుట్టుపక్కల ఊళ్ళు చూపిస్తామని చర్చి ఆడవాళ్ళంతా కలిసి ఒక బస్సు మాట్లాడారు. సరిగ్గా ఆరోజే తెల్లారకముందు నుంచి వాన. పెద్ద వాన కాదు, ఆగే వానా కాదు. ఆ వాన తానే కురిపించినట్టు పాస్టరమ్మ పొద్దున్నుంచీ వంగి వంగి క్షమాపణలు చెబుతూనే ఉంది. మా అత్తగారు అద్దాల తలుపు దగ్గర నిలబడి బయటికే చూస్తోంది.

"కల్లాల్లో కాయలున్న రోజులే ఇవి. మన కాడ కూడా పడతందంటావా?"

"మన ఊరు ఎక్కడ, ఇదెక్కడ అత్తయ్యా?"

"ఏమో, మబ్బుకేం తెలుసు," అంది ఆవిడ.

మాకు సొంత పొలం లేదు. కల్లాల్లో ఎండే మిరపకాయలు వేరేవాళ్ళవి. అయినా చైత్రంలో మబ్బు పడితే ఆవిడ నిలవలేకపోయేది. ఎవరూ పిలవకుండానే బరకాలు కప్పడానికి పరుగెత్తేది. బస్సులో కూర్చున్నాక కూడా దారి పొడుగునా ఆవిడ ఇళ్ళ ముంగిళ్ళే చూసింది. గొడుగులేసుకుని మనుషులు నింపాదిగా నడిచి పోతున్నారు.

"ఒక్కళ్ళూ పరిగెత్తరేందే?"

"ఆరబోసింది ఏమీ లేదుగా అత్తయ్యా."

"అదృష్టవంతులు," అని వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

ముందు తేయాకు తోటలు చూపించారు. గుట్టల వాలు మీద దువ్వి పెట్టినట్టున్న పచ్చటి వరసలు, వాటి మీద దిగిన మబ్బు. తర్వాత ఒక వాగు వెంట సకురా పూల చెట్లు. ఆ పూల కోసమే మనుషులు దూరాల నుంచి వస్తారని పాస్టరమ్మ చెప్పింది. వానకు రేకులు రాలి గొడుగులకీ, తారు రోడ్డుకీ, బస్సు అద్దాలకీ అంటుకుంటున్నాయి. మా అత్తగారు ఒక చెట్టు కింద తల పైకెత్తి నిలబడింది.

"ఆకు లేదు, ఉత్త పూతే. కాయ కాస్తదా అడుగు."

అడిగాను. ఈ రకం తినే కాయలు కాయవని పాస్టరమ్మ చెప్పింది.

"కాయని చెట్టుకి ఇంత తిరణాలా!" అంది మా అత్తగారు. ఏమందని పాస్టరమ్మ అడిగితే, చాలా బాగుందన్నారని చెప్పాను.

మధ్యాహ్నం కాకముందే కొండ మీదున్న పాత బౌద్ధ ఆలయం దగ్గరికి చేరాం. కింద బస్సులాగే చోట ఒక టీ దుకాణం, ఆ పక్కన మరుగుదొడ్లు, వెనక వాగు. పైకి చెట్ల నీడలో రాతిమెట్లు. మా అత్తగారు మెట్ల కేసి ఒకసారి చూసింది.

"మీరు పోయి రండి. నాకు మోకాళ్ళు పట్టేసినయ్. అయినా గుళ్ళో నాకేం పని? బస్సులో కూర్చుంటా."

ఆవిడను మరుగుదొడ్డికి తీసుకెళ్ళి, బయటికొచ్చాక మా బస్సు వేలెత్తి చూపించాను. "తెలుసులేవే, తెల్ల బస్సు. పో, వాళ్ళు నీ కోసం నిలబడ్డారు," అని నన్ను తరిమింది.

పైన ఎంతసేపున్నామో గుర్తు లేదు. గడ్డి కప్పు నుంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి. నాచు పట్టిన రాళ్ళు, ఎవరో కొట్టిన గంట, ఆ మోత కొండల్లోకి పోవడం మాత్రం గుర్తున్నాయి. ఆ దేశం వచ్చాక మొదటిసారి ఏ మాటనూ ఇంకో భాషలోకి మార్చే పని లేకుండా నిలబడ్డాను. చాలా హాయిగా అనిపించింది.

కిందికి వచ్చి బస్సెక్కితే మా అత్తగారు లేదు.

సీటు మీద ఆవిడ సంచి ఉంది, ఆవిడ లేదు. డ్రైవరు అప్పుడే దుకాణంలోంచి వస్తున్నాడు. చూడలేదన్నాడు. మరుగుదొడ్లలో చూశాను, టీ దుకాణంలో చూశాను, మెట్ల మొదట్లో చూశాను. "అత్తయ్యా! అత్తయ్యా!" అని గొంతు చించుకుని అరుస్తుంటే ఆ నిశ్శబ్దంలో మనుషులు ఆగి నా వైపు తిరిగారు. వాగు గట్టు దగ్గరికి పోయాను. పొద్దున సన్నగా కనిపించిన వాగే ఇక్కడ ఎర్రగా, సుడులు తిరుగుతూ పోతోంది. గట్టు రాళ్ళ మీద ఒక గొడుగు వాల్చి ఉంది. పొద్దున పాస్టరమ్మ ఆవిడకిచ్చిన గొడుగు లాంటిదే, అవతలిది కనిపించే ప్లాస్టిక్ గొడుగు. తడి రాళ్ళ మీదే కూలబడ్డాను. టీ దుకాణం ఆయన పరుగున వచ్చి, గొడుగు చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో చెప్పాడు. ఆ గొడుగు తనదేనట. అది అర్థమయ్యాక కూడా నేను లేవలేకపోయాను.

అప్పుడు నాకు దేవుడు గుర్తు రాలేదు, మా ఆయన ముఖం గుర్తుకొచ్చింది. గుంటూరు స్టేషన్లో నేనొక్కదాన్నే రైలు దిగుతున్నట్టు, ఆయన నా వెనక పెట్టెలోకి తొంగి చూస్తున్నట్టు కనిపించింది. అత్తను జపాన్‌లో పోగొట్టుకుని వచ్చిన కోడలు అని ఊరు ఊరంతా చెప్పుకుంటుంది. అంతకన్నా ఎక్కువగా, ఒక్క ముక్క భాష రాని మనిషి, ఆ చలిలో, ఎక్కడో ఏ చెట్టు కిందో నిలబడి వణుకుతుంటుందన్న తలపు నన్ను నమిలేసింది.

పాస్టరమ్మ నన్ను లేపి దుకాణంలోకి నడిపించింది. అక్కడి ఫోన్ నుంచి పోలీసులకు చెప్పింది. కాసేపటికి స్కూటరు మీద ఒక కుర్ర పోలీసు తడుస్తూ వచ్చాడు. ఎంత ఎత్తు, ఏ బట్టలు అని అడిగాడు. ముదురాకుపచ్చ నేత చీర, మగవాళ్ళ ఊలు కోటు, తల మీద కొంగు అని చెప్పాను. చీరంటే ఏమిటో అతనికి తెలియలేదు. నేను లేచి నిలబడి నా చీర చూపించాను. తప్పిపోయినావిడ నాకు ఏమవుతారని అడిగినట్టున్నాడు. పాస్టరమ్మ నా వైపు తిరిగి, "మదర్?" అంది. ఇన్-లా అని కలపడానికి నోరు రాలేదు.

"అవును, అమ్మే," అన్నాను.

అంతలో ఫోను మోగింది. దుకాణం ఆయన తీసి, రెండు మాటలు విని, పాస్టరమ్మను పిలిచాడు. ఆమె వింటూ ఫోనుకే వంగి దండాలు పెట్టింది. ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది.

"షి ఈజ్ ఈటింగ్," అంది. "మీ అమ్మ భోజనం చేస్తున్నారు."

జరిగింది ఇది. ఆ ఆవరణలో తెల్ల బస్సులు ఇంకా ఉన్నాయి. పక్క లోయలోని ఒక రైతుల ఊరి నుంచి ముసలివాళ్ళంతా విహారానికి వచ్చిన బస్సు మా బస్సు పక్కనే ఆగి ఉంది. మా బస్సు తలుపు వేసి ఉంటే మా అత్తగారు తెరిచి ఉన్న తలుపులోంచి ఎక్కేసింది. వెనక సీటు మీద దుప్పటి ఉంటే తల మీదుగా కప్పుకుని పడుకుంది. ఆ ముసలివాళ్ళు తమలో ఎవరో పడుకున్నారనుకున్నారు. దారిలో వాళ్ళ గైడ్ అమ్మాయి మనుషుల్ని లెక్కపెడితే ఒకరు ఎక్కువ వచ్చారట. మళ్ళీ లెక్కపెట్టినా ఒకరు ఎక్కువే. చివరికి వెనక్కి వెళ్ళి దుప్పటి అంచు ఎత్తి చూసింది. అప్పటికి కొండ దాటేశారు. భోజనానికి ఆగిన సత్రం నుంచి అన్ని చోట్లకూ ఫోన్లు చేసుకుంటూ వచ్చింది.

మా బస్సు ఆ సత్రానికి చేరేదాకా నేను పైకి ప్రార్థన చేస్తూనే ఉన్నాను. అందులో అడిగింది తక్కువ, స్తోత్రాలే ఎక్కువ.

పెద్ద చాపల గది. పొట్టి బల్లల చుట్టూ ముసలివాళ్ళు బారులుగా కూర్చున్నారు. వాళ్ళ నడుమ మా అత్తగారు, చీర మీద ఎవరిదో దూది కుట్టిన నీలం కోటు తొడుక్కుని, బాసింపట్టు వేసుకుని, చేత్తో అన్నం కలుపుకుంటోంది. పక్కన ఒక ముసలామె ముల్లంగి ఊరగాయ ముక్కలు ఆవిడ గిన్నెలో వేస్తోంది. నన్ను చూడగానే మా అత్తగారు గది దద్దరిల్లేలా అరిచింది.

"ఎక్కడికి పోయావే నువ్వు? నీ కోసం నా ప్రాణం పోయిందనుకో!"

"నేనెక్కడికి పోయానత్తయ్యా? మీరే వేరే బస్సు..."

"నేను బస్సులోనే ఉన్నా. మీరే ఎక్కలా!"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. ఆ గదిలో అందరి ముందూ ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చేశాను. ఆవిడ ఎంగిలి చెయ్యి ఎడంగా పెట్టుకుని, రెండో చేత్తో కొంగు తీసి నా ముఖం గట్టిగా తుడిచింది. "ఊరుకో. ఊరుకోవే. నేనున్నాగా!" అంది. చుట్టూ ఉన్న ముసలమ్మల్లో కొందరు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఒక తాత చప్పట్లు కొట్టాడు.

తిరుగు ప్రయాణంలో ఆవిడ కిటికీ పక్కన, నేను ఆవిడను ఆనుకుని కూర్చున్నాం. బయట ఇంకా వాన పడుతూనే ఉంది. పాస్టరమ్మ ఇంకో జలపాతం మిగిలిందని మెల్లగా అంది. అందరం ఒక్కసారే వద్దన్నాం. కొంచెం దూరం పోయాక మా అత్తగారు గొంతు తగ్గించింది.

"లేచి చూసేసరికి ఒక్క మొహమూ తెలిసింది కాదే. గుండె జారిపోయింది. గుంటూరు, గుంటూరు అన్నా. నల్లపాడు దాటాక అన్నా. ఎవరికి తెలుస్తది? ఆ ముసలామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దిగేదాకా వదల్లా."

"ఏం మాట్లాడిందత్తయ్యా?"

"ఏందో మాట్లాడింది. నేనూ మాట్లాడా. మోకాళ్ళ నొప్పుల గురించే అయ్యుంటది."

ఆవిడ అలా భయం గురించి నాకు చెప్పడం అదే మొదటిసారి. తర్వాత కోటు జేబులో చెయ్యి పెట్టి ఒక కాగితం పొట్లం తీసింది. ఆ కోటును వాళ్ళు తిరిగి తీసుకోలేదు. పొట్లంలో గట్టిగా అదిమిన అన్నపు ముద్దలు.

"పొద్దున్నుంచీ ఏం తినుండవు. తిను. చప్పగానే ఉంటది, అయినా తిను."

అది ఎలా ఉందో నాకు తెలియనే లేదు. మొత్తం తినేశాను.

మేము తిరిగి వచ్చేసరికి గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పని ముమ్మరంగా ఉంది. బడికి సెలవులు కావడంతో ఒకరోజు ఆవిడకు అన్నం తీసుకుని నేనూ ఆ గోడౌనుకు వెళ్ళాను. ఘాటుకు తుమ్ములు ఆగడం లేదు. ముక్కుకు కొంగు కట్టుకుని గుట్ట చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళకు మా అత్తగారు జపాన్ కథ చెబుతోంది.

"ఇక కొండ మీదికి పోయి మా కోడలు తప్పిపోయింది. ఎంతకీ రాదే!"

"అయ్యో! మరి దొరికిందా పిన్నీ?" అని అడిగింది ఒకామె.

"దొరక్కుండా ఎక్కడికి పోద్ది? ఊరంతా ఫోన్లు చేయించా. వచ్చి నా ఒళ్ళో పడి ఒకటే ఏడుపు. చదువుకుందేగానీ పాపం, చిన్నపిల్ల. బెదిరిపోయింది."

అందరూ నా వైపు జాలిగా చూశారు. నేను ఆవిడ పక్కన చోటు చేసుకుని కూర్చుని, గుట్టలోంచి ఒక కాయ తీసుకుని తొడిమ తుంచాను.

"అవునక్కా, చాలా భయపడ్డాను," అన్నాను.