గేరుబాక్సుకు గోనెసంచులు

ఫోర్‌మన్ కుర్చీలో కూర్చోవలసిన నన్ను స్టోరురూములో బోల్టులు ఏరుకునేలా చేసింది రెండక్షరాల మరాఠీ మాట. నేను ఎంత పద్ధతిగా నాశనమయ్యానో అంతా డైరీలో ఉంది. పేజీ చూసే చెబుతున్నాను.

మరాఠీ గడ్డ మీద, పద్మాపూర్ బొగ్గుగనుల వైపున్న రెండు వర్క్‌షాపులను ఒకటి చేస్తున్న రోజులవి. రెండు కలిస్తే ఫోర్‌మన్ ఒక్కడే. ఒక దాని నుంచి నేను. రెండో దాని నుంచి, మంచిర్యాల వైపు నుంచి వచ్చి ఏడాదైనా కాని రాజయ్య. ఓడినవాడు స్టోరుకు పోవాలి.

కొత్త ఇంజనీరు మరాఠీ ఆయన. మా ఇద్దరికీ చెరొక డంపర్ అప్పగించాడు. క్లచ్ లేకుండా గేర్లు వాటంతటవే మారే బండ్లు. బొగ్గు నింపుకొని గనిలోంచి ఎత్తు ఎక్కితే గేరుబాక్సులో నూనె సలసల కాగేది. సోమవారం పరీక్షలో వేడెక్కకుండా పైకి చేరిన బండి ఎవరిదైతే వాడే ఫోర్‌మన్.

దారులు మూడున్నాయి. రేడియేటర్‌లో ఉన్న చిన్న కూలర్‌తోనే సర్దుకోవడం, గాలి తగిలే పెద్ద కూలర్ అదనంగా బిగించడం, దానికి వేరే ఫ్యాను కూడా పెట్టడం. నేను డైరీలో గళ్లు గీసి, పెళ్లి సంబంధాలు బేరీజు వేసినట్టు ఒక్కోదాని గుణదోషాలు రాసి, సాహెబుకు మరాఠీలో వినిపించాను. ఆయన చాయ్ చల్లారిపోయింది. చివరికి ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"ఫ్యాన్ నకో. మోఠా కూలర్ పుఢే లావా."

ఫ్యాను వద్దు, పెద్ద కూలర్ 'పుఢే' పెట్టండి అని. ఆ పుఢేకు మరాఠీలో 'ముందు వైపు' అనీ అర్థం, 'తర్వాత' అనీ అర్థం. సాహెబు చెప్పింది రేడియేటర్ ముందర, గాలి మొదట తగిలేచోట పెట్టమని. కానీ ఆ ఏడాది నేను ఉండటానికి కంపెనీ క్వార్టరు కోసం ఏ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడినా 'పుఢే బఘూ', తర్వాత చూద్దాం, అనే అన్నారు. అన్నిసార్లు విన్న మాటకు ఇంకో అర్థం ఉండవచ్చని నాకు తోచనే లేదు. 'పెద్ద కూలర్ తర్వాత బిగించవలెను. సాహెబు ఉత్తర్వు' అని రాసుకుని కింద స్కేలుతో గీత కూడా గీశాను.

మరి సోమవారం పరీక్ష దాటేదెలా? ఎండాకాలం కూజాకు తడిగుడ్డ చుట్టినట్టు గేరుబాక్సుకు తడి గోనెసంచులు చుట్టించాను. డ్రైవర్ మల్లేశం వంగి చూశాడు.

"ఏంది సార్ గిది? గేరుబాక్సుకు జరమొచ్చిందా?"

"నువ్వు నడుపు మల్లేశం. మిగతాది నేను చూసుకుంట."

"నడుపుత గని, పైకి పొయ్యేసరికి దానికి జావ గూడ కాసి పెట్టుండ్రి."

పైకి పోతే కదా. సగం ఎత్తులోనే సంచుల్లోంచి ఆవిర్లు లేచాయి, వేడి చూపే సూది ఎర్రగీత దాటింది, బండి ఆగిపోయింది.

"ఇడ్లి పిండి తెప్పియ్యుండ్రి సార్. ఈన్నే ఉడుకుతయ్" అన్నాడు మల్లేశం.

సాహెబు జీపు దిగి వచ్చాడు. "కూలర్ కుఠే ఆహే?" కూలర్ ఎక్కడ అని.

"పుఢే, సాహెబ్" అన్నాను, తర్వాత అనే అర్థంలో.

ఆయన బండి ముందుకు వెళ్లి, వంగి చూసి, తిరిగి వచ్చాడు. "పుఢే నాహీ." ముందర లేదు అని.

పాపం, తన ఉత్తర్వు తనే మరిచిపోయాడనుకుని ఓపికగా గుర్తు చేశాను. "పుఢేచ్, సాహెబ్. తుమ్హీచ్ సాంగిత్లం." మీరే కదా చెప్పారు అని.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ ముందుకు వెళ్లాడు. ఈసారి మల్లేశం కూడా వెంట వెళ్లాడు.

"సార్, ఎవడన్న ఎత్కపోయిండేమో" అని అక్కడి నుంచే కేకేశాడు.

ఇక లాభం లేదని డైరీ తెరిచి, వేలితో గీత చూపిస్తూ, 'నంతర్' అన్నాను. ఆ మాటకు మాత్రం తర్వాత అనే ఒక్క అర్థమే. సాహెబు నన్ను చూశాడు, సంచులను చూశాడు. రేడియేటర్ ముందున్న ఖాళీ చోట అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, "పుఢే. ఇథే" అన్నాడు. ముందర, ఇక్కడ అని.

అదే సమయానికి రాజయ్య డంపర్ ముక్కు మీద పెద్ద కూలర్ పెట్టుకుని, పెళ్లికొడుకు గుర్రంలా మమ్మల్ని దాటి పోయింది.

స్టోరు తాళాలు అందుకున్న రోజు రాజయ్యను అడిగాను.

"రాజయ్యా, పుఢే అంటే ముందర అని నీకెట్ల తెలుసు?"

"నాకేడ తెలుసన్నా? మరాఠీ ఒక్క ముక్క రాదని సార్‌కు దండం పెట్టిన. చెయ్యి పట్టుకొని బండి ముందల నిలవెట్టి, గీడ అని ఏలుతోటి సూపెట్టిండు. నీకు సూపెట్టలేదా?"

చూపించలేదు. 'మరాఠీ వస్తుందా?' అని ఆయన మొదటి రోజే అడిగితే, 'మా ఇంటి భాష లాగే' అన్నది నేనే.

అందుకని డైరీ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఇక నా ప్రాణం ఉన్నంతవరకు నాకు ఏ భాషా రాదు; ఎవరేం చెప్పినా వేలు పెట్టి చూపించవలసిందే. ఆ ప్రమాణాన్ని మంచి తెలుగులో రాసి కింద గీత గీశాను. ఆపైన అనుమానం వచ్చి, పక్కనే బొమ్మ కూడా వేశాను.