అట్ట మీది అంచనాలు

ఆవిడ చదువు పదో తరగతితో ఆగిపోయింది. అయితేనేం, ఏ మిషనైనా సరే మూత విప్పి లోపలికి ఒక్క చూపు చూసిందంటే, అది ఎవరి చేతిలో ఎంతకాలం నలిగిందో, ఇంకెన్నాళ్ళు బతుకుతుందో చెప్పేసేది. చేతిలో పట్టుకుని ఆడుకునే గేము మిషన్లు పాడైతే బాగుచేసేది కాబట్టి పిల్లా పెద్దా అందరూ డాక్టరమ్మ అనేవాళ్ళు. అసలు డాక్టర్ల కంటే ఒక రకంగా నయమే. రోగి బతకదని తేలితే ఆవిడ ఫీజు పుచ్చుకునేది కాదు.

రెండు వీధులు కలిసేచోట, ఇస్త్రీ దుకాణానికీ తాళంచెవులు చేసే దుకాణానికీ మధ్య ఇరికించినట్టు ఉండేది ఆవిడ గది. బల్ల మీద రబ్బరు చాప, మెడ వంచిన దీపం, దానికి అంటుకుని ఒక భూతద్దం. వెనక గోడకంతా చిన్న చిన్న సొరుగులు. విరిగిన బటన్లు ఒకదాంట్లో, పగిలిన స్క్రీన్లు ఒకదాంట్లో, ఉబ్బిపోయిన బ్యాటరీలు ఇసుక పోసిన డబ్బాలో వేరుగా. ఇస్త్రీవాడి బొగ్గు వాసన, ఈవిడ సోల్డరింగ్ పొగ కలిసి ఆ మూల అంతా ఎప్పుడూ ఏదో కాలుతున్నట్టే ఉండేది.

తల్లీ తండ్రీ ఏడాది తేడాతో పోయేనాటికి ఆవిడకు పంతొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఎనిమిది. రేడియోలు బాగుచేసే బాబాయి దగ్గర పని నేర్చుకుంది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "ముందు మావాడి సంగతి తేలనీండి" అనేది. వాడి సంగతి తేలేసరికి ఆవిడకు ముప్పై ఎనిమిదొచ్చాయి, ఆ మాట ఎత్తేవాళ్ళు ఎత్తడం మానేశారు. అందుకు బాధపడిందా అంటే, పడింది. కానీ వాడు ఉద్యోగానికి మొదటిసారి బస్సెక్కిన రోజున ఆ బాధ తీరిపోయిందని తానే చెప్పేది.

ఆ ఉద్యోగం ఊరి చివర కిటికీల్లేని తెల్లటి ఫ్యాక్టరీలో. కొత్త చేతి గేము అక్కడే తయారవుతోందని ఊళ్ళో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. లోపల చూసింది ఇంట్లో చెప్పనని పద్నాలుగు పేజీల కాగితం మీద తమ్ముడు సంతకం పెట్టాడు. మాట తప్పితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా. ఇంకెవరైనా అయితే సంతకం పెట్టి మర్చిపోయేవారు. వీడు మాత్రం అక్షరాలా పాటించే రకం. క్యాంటీన్లో ఏం తిన్నావురా అంటే "కడుపు నిండింది అక్కా" అనేవాడు తప్ప, ఏం తిన్నాడో చెప్పేవాడు కాదు. వీడికి కడుపులో మాట దాగదని భయం లేదు, దాగి దాగి కడుపే పోతుందేమోనని ఆవిడ వేళాకోళం చేసేది.

అంచనాల వ్యవహారం నవ్వులాటగానే మొదలైంది. వచ్చిన ప్రతివాడూ "కొత్తది ఎలా ఉంటుంది డాక్టరమ్మా?" అని అడిగేవాడు. జవాబు చెప్పీ చెప్పీ విసుగెత్తి, ఒక అట్టపెట్టె మూత చింపి గుమ్మం పక్కన మేకుకు తగిలించి, శనివారానికి ఒక అంచనా చొప్పున దాని మీద రాయడం మొదలుపెట్టింది. గాలిలో మేడలు కట్టలేదు. పాత మిషన్లు ఎక్కడ చస్తున్నాయో చూసి, వాటిని చేసినవాడు ఈసారి ఏం దిద్దుకుంటాడో రాసేది.

పది మిషన్లొస్తే అందులో ఏడింటికి జాయ్‌స్టిక్కే జబ్బు. లోపలి నల్లపూత అరిగిపోయి, ముట్టుకోకపోయినా బొమ్మ పక్కకు జారుతుంది. కాబట్టి, "ఈసారి అరిగిపోని స్టిక్. అయస్కాంతంతో పనిచేసేది" అని రాసింది. పాతదానికి గాలి రంధ్రాలు కిందున్నాయి, ఆడేవాళ్ళ అరచేతులు వాటిని మూసేస్తాయి. "ఫ్యాన్ గాలి పైనుంచి పోతుంది" అని రాసింది. ఛార్జింగ్ పెట్టి ఆడేవాళ్ళు కింది సాకెట్టును విరగ్గొడతారు. "సాకెట్లు రెండు. పైన ఒకటి, కింద ఒకటి." అద్దం చుట్టూ నల్ల అంచు వెడల్పుగా వృథా అవుతోంది. "స్క్రీను పెరుగుతుంది, మిషను పెరగదు."

ఆవిడ రోగుల్లో ఒక బస్సు కండక్టరున్నాడు. యాభై దాటినా గేము పిచ్చి వదలని మనిషి. ప్రతి శనివారం ఆ అట్టను ఫోటో తీసి, ఇలాంటి పిచ్చివాళ్ళే చేరే ఒక గుంపులో పెట్టేవాడు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఒకరోజు కంపెనీ కొత్త గేము వీడియో వదిలింది. నిమిషం కూడా లేదు. కండక్టరు దాన్ని ఆపి ఆపి చూసి, పరుగున వచ్చి అట్ట మీద నాలుగు టిక్కులు కొట్టాడు. నాలుగుకు నాలుగు! ఆ సాయంత్రానికి గది ముందు జనం గుమిగూడారు. డాక్టరమ్మ మొహం చింకి చాటంతయింది. ఎందుక్కాదు? ఇరవై రెండేళ్ళు మెడ వంచి పనిచేసిన మనిషిని లోకం మొదటిసారి తలెత్తి చూసింది.

ఆ రాత్రి తమ్ముడు భోజనం దగ్గర మాట్లాడలేదు. పోన్లే, ఎప్పుడూ మాట్లాడేదేముంది అనుకుంది.

తర్వాతి శనివారం ఆవిడ ఊరుకోలేదు. "లోపలి మెమరీ రెండింతలు" అని రాసింది. వీడియోలో లేని సంగతది. రెండు వారాలకు కంపెనీ ఆ మాటా ప్రకటించింది. ఈసారి జనంతో పాటు ఇంకొకాయన వచ్చాడు. బూడిదరంగు చొక్కా, నున్నగా గీసిన గడ్డం, చేతిలో గీత కూడా పడని పాత గేము.

"వెలగడం లేదండీ," అన్నాడు.

ఆవిడ మూత విప్పి చూసింది. స్క్రూలు ఎవరో అప్పుడే విప్పి బిగించినట్టున్నాయి. లోపల అన్నీ కొత్తవే, ఒక్క రిబ్బను వైరు మాత్రం దాని చోటునుంచి ఊడదీసి ఉంది.

"దీనికి జబ్బేం లేదండీ. ఎవరో కావాలని చేసిన పని," అంది.

"మీ చూపు గట్టిది," అని నవ్వాడాయన. కళ్ళు మాత్రం అట్ట మీదే ఉన్నాయి. "ఇవన్నీ మీకెవరు చెప్పారు?"

"పాడైన మిషన్లు చెప్పాయి."

"నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, మా తమ్ముడూ."

"ఏం చేస్తుంటారు ఆయన?"

అడిగే తీరు చూస్తేనే తెలిసిపోయింది, ఆయనకు జవాబు ముందే తెలుసని. ఆవిడ వైరును చోట్లో నొక్కి, మూత బిగించి, డబ్బు వద్దని మిషను ఇచ్చేసింది.  

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు కంచంలో వేలు తిప్పుతూ కూర్చున్నాడు. అక్క మూడుసార్లు అడిగితే అప్పుడు నోరు విప్పాడు.

"మా సెక్షన్లో పదకొండుమందిమి ఉండేవాళ్ళం అక్కా. ఇప్పుడు నలుగురం."

"మిగతావాళ్ళేమయ్యారు?"

"బస్సెక్కడం లేదు." వీధి తలుపు వైపు చూసి, "ఇది కూడా నీకు చెప్పకూడదు," అన్నాడు.

ఫ్యాక్టరీ గురించి వాడు ఇంట్లో అన్న మొదటి మాట అదే.  తాను గొప్పలకు పోయి కొట్టించుకున్న ఒక్కో టిక్కూ ఎవరి కొంపకో చిల్లు పెట్టిందన్నమాట. ఏడుగురు పోయారు. లెక్క ప్రకారం తర్వాతి వంతు ఎవరిదో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.

"ఆ అట్ట ఇప్పుడే పీకేస్తాను."

"వద్దక్కా! నువ్వు చెప్పిన ఆ బూడిదరంగు చొక్కా ఆయన వచ్చి వెళ్ళిన వారమే మానేస్తే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది."

నిజమే. రాస్తే నుయ్యి, మానేస్తే గొయ్యి. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి వాడి ఎదురుగా కూర్చుంది.

"అయితే తప్పు రాస్తాను. చూసినవాడు పడీ పడీ నవ్వాలి. డాక్టరమ్మకు మతిపోయింది, ఇన్నాళ్ళూ గుడ్డి దెబ్బలే తగిలాయి అనుకోవాలి. లోపలి గుట్టు తెలిసినది అంత తప్పు రాయదుగా."

"ఏది తప్పో నేను చెప్పలేను."

"నిన్నెవరడిగార్రా? నేను రాసేది విను చాలు. నేనేం రాద్దామనుకుంటున్నానంటే..."

"చెప్పకు!" వాడు ఎంగిలి చేత్తోనే చెవి మూసుకున్నాడు. "నువ్వు చెప్తే నా మొహం మారుతుంది. నా మొహం చూస్తే నీకు తెలిసిపోతుంది. అది నేను చెప్పినట్టే." కంచం ముందు నుంచి లేచి బయటికి వెళ్ళి, ఆవిడ ఎంత పిలిచినా రాకుండా, కుళాయి కింద చాలాసేపు చెయ్యి కడుక్కున్నాడు.

అంత నిజాయితీ మనిషికి ఉండకూడదు. ఒక్క క్షణం చెవి ఒగ్గితే వాడి కొంప నిలబడేది.

తప్పు రాయడమంటే తేలికనుకుంది. కూర్చుంటే గాని తెలియలేదు. రెండు స్క్రీన్లని రాద్దామా? చేసినా చేస్తారు. గేము క్యాసెట్టు తీసేస్తారని రాద్దామా? అదీ జరగొచ్చు. ఏది తలచుకున్నా సబబుగానే తోస్తుంది. చివరికి ఇసుకడబ్బా మీద చూపు పడింది. ఇరవై రెండేళ్ళుగా కంపెనీలన్నీ బ్యాటరీని జిగురుతో అంటించేస్తున్నాయి. దాన్ని ఊడదీయాలంటే వేడి పెట్టాలి, సన్నటి ప్లాస్టిక్ ముక్క దూర్చాలి, గుండె బిగపట్టాలి. బ్యాటరీ పోయిందంటే జనం విసుగొచ్చి కొత్తది కొంటారు, కంపెనీ బతుకంతా దాని మీదే. తన పొట్ట తాను ఎవడు కొట్టుకుంటాడు?

నల్ల సిరాతో పెద్ద అక్షరాలు రాసింది: "కొత్తదానికి వెనక బ్యాటరీ మూత ఉంటుంది. స్క్రూ అక్కర్లేదు. బొటనవేలితో జరిపితే వచ్చేస్తుంది."

రాసి తానే నవ్వుకుంది. ఆ నవ్వులో కాస్త కక్ష కూడా ఉంది. ఇన్నేళ్ళూ తాను కోరుకున్నదీ, ఎన్నటికీ జరగనిదీ అదొక్కటే.

కండక్టరు చదివి పొట్ట పట్టుకున్నాడు. "డాక్టరమ్మా, ఈసారి మీరు చిత్తు!" అని ఫోటో తీశాడు. గుంపంతా ఎగతాళి చేసింది. ముసలిదానికి మతి చలించిందన్నారు, కల గని రాసిందన్నారు. ఒక్కో వెక్కిరింతా కండక్టరు చదివి వినిపిస్తుంటే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ మూడు రోజులూ కంటినిండా నిద్రపోయింది.

నాలుగోరోజు, ఇస్త్రీవాడు బొగ్గులు రాజేస్తున్న వేళ, తమ్ముడు నడిచి వచ్చాడు. ఆ సమయంలో వాడు ఫ్యాక్టరీలో ఉండాలి. చొక్కా చెమటకు తడిసిపోయింది. గుమ్మం దగ్గర ఆగి అట్ట చదివాడు. రెండోసారి చదివాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది నీకెవరు చెప్పారక్కా?"

బూడిదరంగు చొక్కా ఆయన అడిగిన ప్రశ్నే. ఆవిడ చేతిలో మిషను బల్ల మీద పెట్టేసింది.

"ఉందా? నిజంగానే మూత ఉందా?"

వాడు జవాబు చెప్పలేదు. అప్పుడు కూడా చెప్పలేదు.

"గేటు దగ్గర నా కార్డు పనిచేయలేదు," అన్నాడు. "నిన్ను తీసుకురమ్మన్నారు."

గేటు పక్క గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు గడియారం. అంతకు మించి ఏమీ లేదు. బూడిదరంగు చొక్కా ఆయన మర్యాదగా కూర్చోమన్నాడు, మంచినీళ్ళిప్పించాడు. ఆ మర్యాద చూస్తే ఆవిడకు మరింత భయమేసింది.

"ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ ఫ్యాక్టరీ మొత్తంలో నలుగురేనమ్మా," అన్నాడు.

"నాకెవరూ చెప్పలేదు బాబూ. కావాలనే తప్పు రాశాను. అబద్ధం రాశాను!"

"తప్పని మీకెలా తెలుసు? నిజం తెలిసినవాళ్ళే కదా కావాలని తప్పు రాయగలరు?"

"ఏ కంపెనీ చేయని పని కాబట్టి రాశాను. మావాడి మీద అనుమానం పోవాలని రాశాను."

ఆయన రాసుకుంటున్నవాడల్లా కలం ఆపాడు.

"మీవాడి మీద అనుమానం ఉందని మీకెవరు చెప్పారు?"

నువ్వే కదయ్యా, లేని జబ్బు తీసుకొచ్చి నా గుమ్మంలో నిలబడ్డావు అనబోయింది. ఆ మాట అనుంటే ఏమయ్యేదో. కానీ ఆవిడ నోరు తెరిచేలోగా తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"నేనే చెప్పానండీ. పదకొండుమందిమి నలుగురం అయ్యామని చెప్పాను. ఆ ఒక్కమాటే."

"వాడింకేం చెప్పలేదు!" ఆవిడ గొంతు చించుకుంది. "చెవులు మూసుకున్నాడు బాబూ, నేను చెప్తానన్నా వినలేదు! స్టిక్కు చెప్పలేదు, ఫ్యాన్ చెప్పలేదు, ఈ మూత సంగతి ఇప్పటికీ చెప్పలేదు!"

"ఏం చెప్పలేదో మాకక్కర్లేదమ్మా," అన్నాడాయన శాంతంగా. "చెప్పాడా లేదా అన్నదే ఆ కాగితంలో ఉంది."

సొరుగు లాగి ఒక పేజీ తీసి తమ్ముడి ముందు పెట్టాడు. వాడు కుర్చీ దగ్గరికి జరుపుకుని, మొదటినుంచి చివరిదాకా ఓపిగ్గా చదివాడు. ఏం రాశారోనని అక్క భుజం మీదుగా తొంగిచూడబోయింది. వాడు ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి అక్షరాలు ఆవిడకు కనబడకుండా మూసి, కుడిచేత్తో సంతకం పెట్టాడు.