ఎనిమిది తెల్ల తువ్వాళ్ళు

సొంత తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చోనివ్వమని మీరెప్పుడైనా ఎవరినైనా బతిమాలారా? నేను బతిమాలాను. అదీ హైదరాబాదులో, వందల మంది చూస్తుండగా. ఆ రోజు నా పరువు ఏ విధంగా గంగలో కలిసిందో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా ఇంట్లోవాళ్ళు నవ్వీ నవ్వీ మిగిల్చిందే మీకు వడ్డిస్తున్నాను.

అప్పట్లో నేను బందరు గిలకలదిండిలో ఓ ఐస్ ఫ్యాక్టరీలో గుమాస్తాని. మా చెల్లెలు కెజియా కాలేజీ కబడ్డీ జట్టులో ఆడేది. కూతకు వెళ్ళిందంటే ఇద్దరినైనా ముట్టుకోకుండా తిరిగి రాదు. కాకపోతే ఒక్కటే జబ్బు, అవతలి కోర్టులోకి వెళ్ళాక టైము మర్చిపోతుంది. ముప్పై సెకన్లలో వెనక్కి రావాలన్న సంగతి ఊరందరికీ తెలుసు, దానికి తప్ప. అందుకని చిన్నప్పటి నుంచీ గీత పక్కన నిలబడి "రావే కెజ్జీ, రా!" అని గొంతు చించుకోవడం నా డ్యూటీ.

హైదరాబాదులో వాళ్ళ జట్టు ఫైనల్‌కి చేరగానే ఫోన్ చేసింది.

"అన్నయ్యా, సెమీస్‌లో రెండుసార్లు టైమైపోయి అవుటయ్యాను. ఫైనల్లో కూడా అలాగే చేస్తే ఇంక జట్టులో ఉంచనని మా కోచ్ సార్ చెప్పేశారు. నువ్వు గీత పక్కనే కూర్చోవాలి. నీ అరుపు నాకు వినపడాలి."

"నీకెందుకే, నేనున్నాగా! హైదరాబాదు స్టేడియాలన్నీ నాకు కొట్టిన పిండి."

కొట్టిన పిండి కాదు కదా, నానబెట్టిన బియ్యం కూడా కాదు. అంతకుముందు నేను హైదరాబాదు చూసింది ఒక్కసారే, అది కూడా పంటి నొప్పితో. కానీ ఫోనులో 'నగరంలో చూడదగ్గ స్టేడియాలు' అని వెతికి, పేర్లు కాగితం మీద ఎక్కించుకున్నాక నన్ను మించిన గైడు లేడనిపించింది.

వ్యాను కట్టించుకుని ఎనిమిది మందిమి బయల్దేరాం. నేను, అమ్మ, అమ్మ తమ్ముడు జాన్ మావయ్య, పక్కింట్లో ఉండి వలలు బాగుచేసే ఖాదర్ బావ, మా ప్రార్థన మందిరం ఆడవాళ్ళు నలుగురు. అమ్మకి లాడ్జీ తువ్వాళ్ళంటే అనుమానం. అందుకని తలకొకటి చొప్పున ఎనిమిది కొత్త తెల్ల టర్కీ తువ్వాళ్ళు కొని సంచిలో పెట్టింది. కథంతా ఆ సంచిలోనే ఉంది, గుర్తుపెట్టుకోండి.

ఉదయం ఎనిమిదింటికల్లా ఇండోర్ స్టేడియంలో దిగాం. ఆట పదకొండింటికి. కోర్టు పక్కన, సరిగ్గా మధ్య గీతకి ఎదురుగా మొదటి వరసలో మెత్తటి కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద నంబర్లూ లేవు, చుట్టుపక్కల మనుషులూ లేరు.

"ఇవి మనవేనని ఎలా తెలుస్తుంది మావయ్యా?" అన్నాను.

మావయ్య బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. నన్ను జాలిగా చూశాడు.

"గుడ్డ వెయ్యరా. గుడ్డేసినోడిదే సీటు. ముప్పై ఏళ్ళు టిక్కెట్లు కొట్టాను, ఈ ధర్మం తప్పినోణ్ణి ఒక్కణ్ణి చూళ్ళేదు."

నిజమే మరి. పామర్రు సెంటర్లో బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరి సీటు సంపాదించుకునే జాతి మాది. నేను తువ్వాలు విసరబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అలా గిరాటెయ్యకు, నేలకి తగుల్తుంది. మళ్ళీ దాంతోనే మొహం తుడుచుకోవాలి."

ఆవిడే ఒక్కో తువ్వాలూ మడత విప్పి, కుర్చీ వీపుల మీద అంచులు సమానంగా ఉండేటట్టు వేసింది. ఎనిమిది కుర్చీలూ చూడముచ్చటగా ఉన్నాయి. మా కొంప ముంచింది ఆ ముచ్చటే.

"ఇంకా మూడు గంటలుంది. పదండి, స్టేడియాలు చూపిస్తాను!" అన్నాను.

క్రికెట్ స్టేడియానికి వెళ్తే గేటుకి తాళం. హాకీ మైదానానికి వెళ్తే అక్కడా తాళమే. ఎగ్జిబిషన్ మైదానానికి తాళం లేదు గానీ ఎగ్జిబిషనూ లేదు. ఖాదర్ బావ ఆ ఖాళీ స్థలాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి చూసి, "వలలు ఆరేసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంది బావా," అన్నాడు. మావయ్యేమో, "ఇంతదూరం వచ్చి రెండు తాళాలు చూశాం. ఇంకెన్నున్నాయిరా నీ కాగితంలో?" అన్నాడు. కాగితం జేబులో పెట్టేసుకున్నాను.

పదకొండుకి పావుగంట ముందు తిరిగొచ్చేసరికి స్టేడియం కిటకిటలాడుతోంది. మా ఎనిమిది కుర్చీలు మాత్రం ఖాళీగానే ఉన్నాయి. చుట్టూ తాడు కట్టారు. ఎదురుగా బల్ల, బల్ల మీద పూలగుత్తి, మంచినీళ్ళ సీసాలు. పక్కన బ్యాడ్జీ పెట్టుకున్న వాలంటీరు.

"గిక్కడ కాదన్నా. పైకి పోండ్రి. ఇవి వీఐపీలయి."

"అవి మా సీట్లండీ. తువ్వాళ్ళు మావి!"

"పొద్దున్నుంచి నలుగురు గట్లనే చెప్పిన్రు."

దేవుడు వరమిచ్చినా వాలంటీరు ఇవ్వడంటే ఇదే. తర్వాత తెలిసింది ఏమిటంటే, తెల్ల తువ్వాలు వేసిన కుర్చీ ఆఫీసర్లదని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. పోటీల సెక్రటరీ వచ్చి ఎనిమిది తువ్వాళ్ళు చూసి హడలిపోయాడట. పైనుంచి ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారు, తనకి చెప్పలేదు! అడిగితే ఇది కూడా తెలియదా అంటారేమోనని ఎవరినీ అడగలేదట. అసలు ముఖ్య అతిథిని బతిమాలి వెనక వరసలోకి మార్చాడట.

అటు చూస్తే కెజియా ఒళ్ళు వేడెక్కడానికి గెంతుతూ జనంలో నాకోసం వెతుకుతోంది. అప్పుడే సెక్రటరీ పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరండీ మీరు?"

నిజం చెబితే పైకి పంపేస్తాడు. అందుకని, "మేమే ఈ తువ్వాళ్ళవాళ్ళం," అన్నాను, గొంతు కాస్త బరువు చేసుకుని.

"అయ్యో, క్షమించండి సార్! ఈ సార్‌ది ఏ శాఖండీ?"

"రవాణా," అన్నాడు మావయ్య. ఆయన లెక్కలో అది అబద్ధం కాదు.

"అమ్మగారు?"

"స్త్రీల సమాజం ప్రెసిడెంటుని," అంది అమ్మ. అదీ నిజమే, మా మందిరంలో.

అంతే, తాడు ఊడింది. మావయ్యకి శాలువా కప్పారు, నా చేతిలో పూలగుత్తి పెట్టారు. సందట్లో సడేమియా అన్నట్టు మందిరం ఆడవాళ్ళు శాలువా బట్ట ఏ రకమో తడిమి చూస్తున్నారు. కెజియా నన్ను చూసింది. పూలగుత్తిని చూసి నోరు తెరిచింది. నేను కళ్ళెగరేశాను. ఇంతవరకూ బాగానే ఉంది కదా? సెక్రటరీ నా చెవి దగ్గర వంగాడు.

"ఒక్క మనవి సార్. పెద్దలు ఏ జట్టు వైపూ అరవకూడదు. అవతలివాళ్ళు ఫిర్యాదు చేస్తే నా ఉద్యోగం పోతుంది."

గీత పక్కన సీటు దొరికింది, నోరు పోయింది! కెజియా మొదటి కూతకి వెళ్ళింది. ఇరవై సెకన్లు, ఇరవై అయిదు. నేను పూలగుత్తిని పిసుకుతున్నాను. ముప్పై. ఈల. అవుట్. రెండోసారీ అంతే. అది నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. విరామానికి అయిదు పాయింట్లు వెనకబడ్డారు. వాళ్ళ సారు బెంచీలో ఉన్న ఇంకో పిల్లని లేపి నిలబెట్టాడు. పూలగుత్తిలో కాడలు తప్ప ఏమీ మిగల్లేదు. ఏడుపొకటే తక్కువ నాకు.

ఆట మళ్ళీ మొదలైంది. చివరి అవకాశంగా కెజియానే పంపారు. అప్పుడు నా వెనక కుర్చీలోంచి ఒక ముసలి గొంతు వినపడింది.

"ఏమయ్యా, ఆ పిల్ల నీకేమవుతుంది?"

"చెల్లెలండీ."

"మరి అరవ్వేం?"

"వీఐపీనండీ," అన్నాను, దిగులుగా.

"నీ మొహం! అరువు!"

ఇంక ఆగానా? కుర్చీ ఎక్కి, "రావే కెజ్జీ, రా!" అని ఒక్క కేక పెట్టాను. సముద్రం మీదున్న బోట్లు రేవుకి తిరిగొచ్చే కేక అది. కెజియా ఇద్దరిని ముట్టుకుని, గీత మీదకి చేపలా దూకింది. ఆ తర్వాత ప్రతి కూతకీ నేను, నా వెనక ముసలాయన, రవాణా శాఖ, స్త్రీల సమాజం కలిసి అరిచాం. రెండు పాయింట్లతో గెలిచారు. సెక్రటరీ మాత్రం తల పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

బహుమతులప్పుడు మైకులో ముఖ్య అతిథిని పిలిచారు. నా వెనక ముసలాయన లేచాడు! అన్నీ ఒప్పేసుకుని చేతులు జోడించాను.

"పొద్దున్నే కనిపెట్టానయ్యా," అన్నాడాయన. "ఆఫీసరు తువ్వాలుకి మూల మీద ధర చీటీ ఉండదు. మాది గుడివాడ. ఇది మనవాళ్ళ పనేననుకున్నాను."

"మరి మీ సీటు మీరు అడగొచ్చుగా అండీ?"

"గుడ్డేసిన సీట్లో కూర్చుంటామటయ్యా మనం? తప్పు కాదూ!"

మావయ్య శాలువా తీసి ఆయనకి కప్పేశాడు. ఆయనేమో గెలిచిన కప్పుని అమ్మ చేతికిచ్చి కెజియాకి ఇప్పించాడు. అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, తువ్వాలు పక్కనే ఉంది కాబట్టి ఇబ్బంది కలగలేదు.

ఆ రోజే, ఆ మధ్య గీత సాక్షిగా శపథం చేశాను. ఊపిరున్నంతవరకూ, ఏ నగరంలోనైనా, ఏ స్టేడియంలోనైనా, ఏ కుర్చీ మీదా తెల్ల తువ్వాలు వేయను. వేస్తే నా పేరు మార్చుకుంటాను. వచ్చే వారం విశాఖలో కెజియా ఆట ఉంది. అమ్మ నిన్ననే బజారుకెళ్ళి ఎనిమిది గళ్ళ తువ్వాళ్ళు కొనుక్కొచ్చింది. ధర చీటీలు మాత్రం పీకొద్దని చెప్పాను.