వెర్నా చేసిన ముక్కు, క్లెమ్ ఐసుపెట్టె

“...అయితే నా కాళ్ళెక్కడ పెట్టుకోమంటావ్? నెత్తి మీదా?”

“మోకాళ్ళు కాస్త మడుచుకుంటే కావలసినంత చోటు, వెర్నా.”

“మడుచుకోడానికి నేనేమన్నా మడతకుర్చీనా?”

షెడ్డు రేకులు ఎండకు టపటపమంటున్నాయి. క్లెమ్ నాన్కివెల్ తన కారు ఎడమ సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే గుంటలోకి, పిక్నిక్‌లకు మోసే పాత ఐసుపెట్టెను కుక్కి చూస్తున్నాడు. అది అక్కడికే పుట్టినట్టు కూర్చుంది. భార్య ముఖం చూసి, ఆ సంతోషాన్ని లోపలే దాచుకున్నాడు.

ఆస్ట్రేలియాలోని ఆ మూంటా ఊళ్ళో చల్లగా ఉన్నవన్నీ ఒకప్పుడు క్లెమ్ చేతి చలవే. పబ్బులో బీరు, చేపల కొట్లో చేపలు, ఆఖరికి అంత్యక్రియలవాళ్ళ వెనకగది. ఫ్రిజ్‌లు బాగుచేసే పని మానేశాక, విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చే కారు కొని, ఒక్కొక్క నట్టే బిగించుకొచ్చాడు. కారు కదిలింది. అంతటితో ఊరుకుంటే క్లెమ్ ఎందుకవుతాడు? టర్బో తగిలించాడు.

టర్బో గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. వేడిగాలి మింగిన ఇంజిన్, పీకలదాకా తిన్న మనిషిలా కునుకుపాట్లు పడుతుంది. కనక దాన్ని దారిలోనే చల్లబరచాలి. ఎలాగన్నదే ఇంట్లో తగువు.

కారు ముక్కులో ఇంటర్‌కూలర్ పెడితే ఎదురుగాలి ఆ పని చేస్తుంది. కానీ అందుకు ముక్కు కోసి, నోరు వెడల్పు చెయ్యాలి. ఆ ముక్కు వెర్నాది. కంపెనీ పంపినదాన్ని క్లెమ్ నిచ్చెన మీంచి జారవిడిచి పగలగొడితే, ఆవిడ ఓ చలికాలమంతా ఫైబర్‌గ్లాస్ పొరలు పేర్చి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది, కొత్తది చేసింది. దాని మీద ఈగ వాలినా ఊరుకోదు. లేదంటే ఆ గాలిగొట్టం చుట్టూ పంపుతో ఐసునీళ్ళు తిప్పాలి. ఐసుపెట్టెకు చోటు వెర్నా కాళ్ళ దగ్గర తప్ప మరెక్కడా లేదు.

ఈస్టర్‌కి, క్లెమ్ చేరిన కార్ల క్లబ్బు బళ్ళన్నీ ఫ్లిండర్స్ కొండలకు వెళ్తాయి. ఆ ఎడమ సీటు వెర్నాదేనని, కారింకా పెట్టెల్లో ఉండగానే క్లెమ్ మాటిచ్చాడు.

“ముక్కు కోసి పారెయ్యరా. గాలి ఊరికే వస్తుంది,” అన్నాడు క్లబ్బు సెక్రటరీ గార్త్ పోల్కింగ్‌హార్న్, మాంసం కూరిన పేస్టీ రొట్టె నములుతూ.

“గాలే ఊరికే చల్లబరిచేస్తే, ఇన్నేళ్ళూ నేను చేసిందేమిట్రా?”

గార్త్ తన నోటివైపు వేలు చూపించాడు. నోట్లో పేస్టీ ఉంది.

ఫిబ్రవరిలో, అక్కడి నడివేసవిలో, పాత విమానాశ్రయం రన్‌వే మీద క్లబ్బు పోటీ. గాలిలో చెయ్యి పెడితే పొయ్యిలో పెట్టినట్టుంది. అందరి కార్లూ ఆయాసపడుతుంటే, క్లెమ్ కారు ఐసునీళ్ళ చలవతో దూసుకెళ్ళి దూసుకొచ్చింది. క్లెమ్ దిగి, ఎవరూ అడక్కపోయినా, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి విషయం వివరించాడు. ఆ వివరణ చాలాసేపు సాగింది.

రెండో పరుగులో సగం దూరం వెళ్ళేసరికి కారు నీరసపడింది. లోపల ఏదో గలగలమంది. ఆ తర్వాత ఆగిపోయింది.

తోసుకొచ్చాక క్లెమ్ పెట్టె మూత తీశాడు. కరిగిన ఐసులో బీరు సీసాలు తేలుతున్నాయి. ఒక్కదానికీ లేబుల్ లేదు. లేబుళ్ళన్నీ పంపు నోటికి అతుక్కుపోయి, నీళ్ళు కదలకుండా చేశాయి.

“ఇందులో సీసాలు పెట్టిందెవరు?”

“నేనే,” అన్నాడు గార్త్. “ఐసుపెట్టెలో ఇంకేం పెడతార్రా?” చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. “ఒకటి మాత్రం నిజం క్లెమ్, భలే చల్లగా ఉంది.”

మర్నాడు పొద్దున షెడ్డులో క్లెమ్ పెన్సిలు పట్టుకుని ముక్కు ముందు కూర్చున్నాడు. ఓ గీత గీశాడు. బొటనవేలితో చెరిపేశాడు. ముక్కు కోస్తే వెర్నా మాట్లాడదు. కోయకపోతే కొండలకు రాదు. కొండలకు తోడు రాని మనిషి మాట్లాడుతున్నా ఒకటే, మానేసినా ఒకటే అనిపించింది.

వెర్నా టీ పట్టుకుని వచ్చింది. అతని బొటనవేలి మీది పెన్సిలు మసి చూసింది. ముక్కును కొంగలా మెడ వంచి చూసింది. కప్పు బల్ల మీద పెట్టి, గోడకున్న మేకు మీంచి కారు తాళం తీసి జేబులో వేసుకుంది. ఆ చేతులు పదవీ విరమణ దాకా స్కూలు బస్సు తిప్పిన చేతులు.

“పంపుకి టీ వడకట్టే జల్లెడొకటి కట్టు,” అంది. “పెట్టె ఎక్కడుందో అక్కడే ఉండనీ. ఈస్టర్‌కి బండి నేను నడుపుతాను. నువ్వు ఎడమపక్క కూర్చో.”